దేవదాసు దగ్గర ఆగిపోని శరత్

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్లే లోకల్ రైలు పాంశ్‌కుడా, మెచేదా దాటాక కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీది వంతెన ఎక్కుతుంది. వంతెన దిగగానే వచ్చే చిన్న స్టేషన్ దేవుల్తీ. దూరప్రాంతాల రైళ్లలో చాలావరకు అక్కడ ఆగవు. ఆ స్టేషన్‌కు కొద్ది దూరంలో సామ్తా అనే ఊళ్లో, బర్మా తరహాలో కట్టిన రెండంతస్తుల పెంకుటిల్లు ఒకటి ఉంది. దేవదాసును, పార్వతిని, చంద్రముఖిని సృష్టించిన శరత్ చంద్ర ఛటోపాధ్యాయ తన చివరి దశలో చాలా ఏళ్లు గడిపిన ఇల్లు అది.

ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు ఈ దారి బాగా పరిచయం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌నూ వర్క్‌షాపునూ ఏర్పాటు చేశాక పనికోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన వారు నీమ్‌పురా, మథురాకాటి, గోల్‌బజార్ వంటి చోట్ల ఇళ్లు కట్టుకున్నారు, లేదా రైల్వే క్వార్టర్లలో ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఆఫీసులో హిందీ మాట్లాడే పట్టణం ఇది. బెంగాలీ చదవడం వచ్చిన తెలుగువారికి శరత్‌ను మూలంలోనే చదివే వీలు ఉంది. ఆంధ్రలో ఉన్నవారికి ఆయన అనువాదాల ద్వారా, సినిమాల ద్వారా అందాడు. అలా అందినవాళ్లలో చాలామంది మనసులో ఒక్క పాత్రే నిలబడిపోయింది. గడ్డం పెంచుకుని, సీసా పట్టుకుని, ప్రేమించిన అమ్మాయి వాకిట్లో కన్నుమూసిన దేవదాసు.

తెలుగు ప్రేమ నవలల్లో మగవాడు ఎలా ఉండాలన్న ఊహ ఎన్నోసార్లు మారింది. ఆ మార్పు మొత్తానికీ దేవదాసే మొదటి మెట్టు. అయితే శరత్ జీవితాన్ని మొదటి నుంచీ చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. మనం ఏ కథానాయకుణ్ని గుండెల్లో పెట్టుకున్నామో, రచయిత అతన్ని పాతికేళ్ల వయసులోనే వదిలేసి ముందుకు వెళ్లిపోయారు.

కథలు పూర్తిచేయని తండ్రి

శరత్ 1876 సెప్టెంబర్ 15న హుగ్లీ జిల్లా దేవానందపురంలో పుట్టారు. తండ్రి మోతీలాల్ చదువుకున్నవాడే. కథలు, నవలలు, నాటకాలు మొదలుపెట్టేవాడు. ఏదీ పూర్తిచేసేవాడు కాదు. ఉద్యోగం కూడా అంతే, ఒకచోట నిలిచేది కాదు. ఇల్లు గడవక భార్య భువనమోహిని పిల్లల్ని తీసుకుని భాగల్‌పూర్‌లోని పుట్టింటికి చేరాల్సి వచ్చింది. శరత్ బాల్యం చాలావరకు మేనమామల ఇంట్లోనే గడిచింది.

మంచివాడే గానీ ఇంటి భారం మోయలేని మగవాణ్ని, ఆ భారాన్ని మారుమాట లేకుండా మోసిన ఆడమనిషిని ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఇంట్లోనే చూశారు. తండ్రి వదిలేసిన రాతప్రతుల్ని చిన్నప్పుడు తిరగేస్తూ, వాటి ముగింపు ఏమై ఉంటుందా అని రాత్రుళ్లు ఆలోచించేవాణ్నని తర్వాతి కాలంలో ఆయనే గుర్తుచేసుకున్నారు.

భాగల్‌పూర్‌లో రాజేంద్రనాథ్ అనే స్నేహితుడు దొరికాడు. అర్ధరాత్రి గంగలో పడవ వేసుకుని వెళ్లే సాహసి, బంగారంలాంటి మనసున్నవాడు. ‘శ్రీకాంత్’ నవలలోని ఇంద్రనాథ్ పాత్రకు మూలం అతనే. 1894లో శరత్ ఎంట్రన్స్ పరీక్ష పాసయ్యారు. ఆ తర్వాత ఎఫ్.ఏ. పరీక్షకు కట్టాల్సిన ఫీజు డబ్బు లేక చదువు ఆగిపోయింది. 1895లో తల్లి చనిపోయింది. దానితో ఆ కుటుంబానికి ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది.

చేతిలో డిగ్రీ లేదు, స్థిరమైన ఉద్యోగం లేదు. రాయడం మాత్రం మానలేదు. భాగల్‌పూర్ కుర్రాళ్లతో కలిసి సాహిత్య సమావేశాలు నడిపారు, చేతిరాత పత్రిక తెచ్చారు. ఆ రోజుల్లోనే, 1900 ప్రాంతంలో, దేవదాసు కథ రాశారు.

నిర్ణయం తీసుకోలేని కథానాయకుడు

అదే సంవత్సరం రూపనారాయణ్ మీద రైలు వంతెన పూర్తయింది. హౌరా, ఖరగ్‌పూర్‌ల మధ్య రైళ్లు నడిచాయి. మరో రెండేళ్లకు వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న మార్గం కూడా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. తెలుగు దేశాన్ని బెంగాల్‌తో కలిపే దారి సిద్ధమైంది. ఆ దారి వెంట యాభై ఏళ్ల తర్వాత తెలుగు ఇళ్లలోకి రాబోయే కథ భాగల్‌పూర్‌లో ఒక నిరుద్యోగి నోటుపుస్తకంలో ఉంది.

దేవదాసు జమీందారు కొడుకు. పక్కింటి పార్వతి చిన్ననాటి స్నేహితురాలు. పెళ్లికి పెద్దలు అడ్డుపడితే, ఆమే అర్ధరాత్రి అతని గదికి వస్తుంది. ఆ కాలపు పదమూడేళ్ల పిల్ల పరువును పణంగా పెట్టి అడుగు వేసింది. అతను వేయలేకపోయాడు. కలకత్తా వెళ్లిపోయి, తనకు ఆమె మీద అలాంటి ప్రేమ లేదని ఉత్తరం రాశాడు. పొరపాటు తెలుసుకుని తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. ఆమె ఒప్పుకోకపోతే చేతిలోని గాలపు కర్రతో నుదుటి మీద కొట్టాడు. ఆ మచ్చ ఆమెకు జీవితాంతం మిగిలింది.

సినిమాలు చూసి ఏడ్చినవాళ్లు ఈ దెబ్బను అంతగా గుర్తుపెట్టుకోరు. పుస్తకం చదివితే మాత్రం శరత్ ఈ యువకుణ్ని ఎక్కడా వెనకేసుకురాలేదని అర్థమవుతుంది. దేవదాసుకు ప్రేమ ఉంది, జాలి ఉంది, డబ్బు ఉంది. అవసరమైన రోజున నోరు తెరిచి మాట్లాడే ధైర్యం ఒక్కటే లేదు. దాని ఫలితాన్ని మొదట పార్వతి, తర్వాత చంద్రముఖి అనుభవించారు. చివర్లో అతను గమ్యం లేకుండా రైళ్లెక్కి తిరిగి, పాండువా స్టేషన్‌లో దిగి, ఎడ్లబండిలో పార్వతి ఊరు చేరి ఆమె ఇంటి ముందు చెట్టు కింద ప్రాణం విడుస్తాడు. అంతమందిలో ఎవరి చెయ్యీ అతని నుదుటిని తాకదు. రచయిత పాఠకుల్ని అడిగింది ఆ అభాగ్యుడి మీద జాలి చూపమనే. అతనిలా బతకమని ఎక్కడా చెప్పలేదు.

ఈ నవలను అచ్చు వేయడానికి శరత్‌కు చాలాకాలం మనసొప్పలేదు. మిత్రులకు రాసిన ఉత్తరాల్లో దాన్ని తేలిక చేసి మాట్లాడారు. పదిహేనేళ్లకు పైగా అది అచ్చుకు నోచుకోలేదు. 1917లో వెలువడింది. అప్పటికి ఆయన చాలా దూరం ప్రయాణించారు.

రంగూన్ పదమూడేళ్లు

తండ్రితో గొడవపడి ఇల్లు వదిలిన శరత్ కొంతకాలం సన్యాసి వేషంలో తిరిగారు. తండ్రి చనిపోయాక తమ్ముళ్లనూ చెల్లెల్నీ బంధువులకు అప్పగించి, 1903లో ఓడెక్కి రంగూన్ వెళ్లారు. బయల్దేరే ముందు ‘మందిర్’ అనే కథను మేనమామ సురేంద్రనాథ్ పేరుతో కుంతలీన్ పోటీకి పంపారు. దానికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి పొందిన రచయిత అసలు పేరు ఎవరికీ తెలియలేదు.

రంగూన్‌లో మొదట బర్మా రైల్వే ఆడిట్ ఆఫీసులో తాత్కాలిక గుమాస్తా, ఆ తర్వాత పబ్లిక్ వర్క్స్ అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగి. నివాసం మాత్రం బాబుల మధ్య కాదు. మిల్లుల్లో, కర్మాగారాల్లో పనిచేసే మిస్త్రీలు, కూలీలు ఉండే వాడలో గది తీసుకున్నారు. వాళ్లకు హోమియోపతి మందులు ఇచ్చేవారు, ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టేవారు. ఆ రోజుల్లో రంగూన్ రేవులో బస్తాలు మోసిన వారిలో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే పడింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు ఉత్తరాంధ్ర మనుషుల్ని తీసుకొచ్చిన పేదరికమే అప్పట్లో మరికొందరిని సముద్రం దాటించింది.

ఆ ఇంట్లోనే కింది భాగంలో ఉండే ఒక మిస్త్రీ, డబ్బు కోసం కూతురు శాంతిని వయసు మళ్లిన తాగుబోతుకు కట్టబెట్టబోయాడు. ఆ అమ్మాయి శరత్ గదిలోకి పారిపోయి వచ్చి ఆశ్రయం అడిగిందని, చివరకు ఆయనే ఆమెను పెళ్లి చేసుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. అర్ధరాత్రి ఒక అమ్మాయి తలుపు తట్టిన సంఘటన ఆయన జీవితంలోనూ వచ్చింది. దేవదాసు చేయలేనిది శరత్ చేశారు. ఆ కాపురం ఎక్కువ కాలం నిలవలేదు. 1908లో ప్లేగు శాంతినీ, ఏడాది నిండిన కొడుకునూ తీసుకుపోయింది. కొన్నేళ్లకు మోక్షద అనే అమ్మాయిని పెళ్లి చేసుకుని ఆమెకు హిరణ్మయి అని పేరు పెట్టారు. ఆమె ఆయన చివరిదాకా తోడుంది.

1907లో ‘బడదీదీ’ నవల ఆయనకు తెలియకుండానే ‘భారతి’ పత్రికలో వచ్చింది. మొదట రచయిత పేరు లేకపోవడంతో చాలామంది అది రవీంద్రనాథ్ టాగూర్ రచన అనుకున్నారు. 1912లో ఇల్లు తగలబడి పుస్తకాలు, ఆయన గీసిన బొమ్మలు, ‘చరిత్రహీన్’ రాతప్రతి బూడిదయ్యాయి. నవలను మళ్లీ మొదటి నుంచి రాశారు. స్త్రీల స్థానం మీద ఎన్నో ఏళ్లు సేకరించిన సమాచారమూ ఆ మంటల్లోనే పోయింది. ఆ ఆలోచనలే ‘నారీర్ మూల్య’ అనే వ్యాసంగా వచ్చాయి. దాన్ని ఆయన తన అక్క అనిలాదేవి పేరుతో ప్రచురించారు.

మారిన మగవాళ్లు

‘చరిత్రహీన్’ను కలకత్తాలో ఒక పెద్ద పత్రిక అశ్లీలమని తిప్పిపంపింది. నాయిక సావిత్రి మెస్సులో పనిమనిషి కావడమే ప్రధాన అభ్యంతరం. మరో పత్రిక ‘యమున’లో కొంత భాగం వచ్చింది, 1917లో పుస్తకమైంది. ఇందులో సతీశ్ కూడా చదువు అబ్బని, తాగుడు అలవాటైన యువకుడే. దేవదాసుకు దగ్గరి బంధువులా కనిపిస్తాడు. కానీ అతని చుట్టూ ఉన్న స్త్రీలు మారిపోయారు. సావిత్రి అతన్ని దిద్దుతుంది, తప్పుకోవాల్సిన చోట తానే తప్పుకుంటుంది. కిరణ్మయి వేదాలను, పాతివ్రత్యాన్ని, ప్రేమను ముఖం మీదే ప్రశ్నిస్తుంది. మగవాడి దుఃఖం కథకు కేంద్రంగా ఉండే రోజులు ఇక్కడితో వెళ్లిపోయాయి.

1916లో అనారోగ్యంతో ఉద్యోగం వదిలి బెంగాల్ తిరిగొచ్చి, హౌరాలోని బాజే శివ్‌పూర్‌లో కాపురం పెట్టారు. ఆ తర్వాతి పదేళ్లలో వచ్చిన పుస్తకాల్ని వరుసగా చూస్తే, కథానాయకుడి మీద ఆయన ఎన్ని ప్రయోగాలు చేశారో తెలుస్తుంది. ‘పల్లీ సమాజ్’లో రమేశ్ రూర్కీలో చదివి పల్లెకు తిరిగొస్తాడు. బడి గురించి, రోడ్ల గురించి, రైతుల పొలాల్లో నిలిచిపోయిన నీళ్ల గురించి పోరాడతాడు, జైలుకెళతాడు. ప్రేమ విఫలమైనా పని ఆపడు. ‘దత్త’లో నరేన్ డబ్బులేని డాక్టర్. మైక్రోస్కోప్ అమ్ముకోవాల్సిన పరిస్థితిలో కూడా హాయిగా నవ్వగలడు. జమీందారిణి విజయ ముందు తల వంచడు, ఆమెను కించపరచడు. ‘గృహదాహం’లో భర్త మహిమ్ నోరు విప్పడు, స్నేహితుడు సురేశ్ మనసు అదుపులో పెట్టుకోడు. ఈ ఇద్దరి మధ్య అచల జీవితం కాలిపోతుంది. మౌనమూ, ఆవేశమూ రెండూ ఆడదాని మీదే పడతాయని ఇంత కఠినంగా చెప్పిన నవల ఆ కాలంలో అరుదు.

‘శ్రీకాంత్’ నాలుగు భాగాలు 1917 నుంచి 1933 దాకా వచ్చాయి. అందులో కథ చెప్పే శ్రీకాంత్ దేశదిమ్మరి, చూసేవాడు, వినేవాడు. తానే గొప్పవాణ్నని ఎక్కడా అనుకోడు. రెండో భాగంలో అభయ అనే స్త్రీ భర్తను వెతుక్కుంటూ రంగూన్ వస్తుంది. ఆ భర్త అక్కడ మరో సంసారం పెట్టుకున్నాడు. వెళ్లిన ఆమెను బెత్తంతో కొట్టి తరిమాడు. ఆమె తిరిగొచ్చి, తనకు తోడుగా వచ్చిన రోహిణి అనే మామూలు గుమాస్తాతో కలిసి బతకాలని నిర్ణయించుకుంటుంది. రోహిణికి అందం లేదు, ఆస్తి లేదు, పెద్ద మాటలూ రావు. లోకం ఏమన్నా ఆమె పక్కన నిలబడ్డాడు, అంతే. ఆయన సాహిత్యంలో అందరికంటే తక్కువ చర్చ జరిగిన ప్రేమికుడు అతనే కావచ్చు. దేవదాసు చేయాల్సింది చేసిన మనిషి మాత్రం అతనే.

రైలు మార్గం పక్కన ఒక ఇల్లు

అక్క అనిలాదేవి అత్తవారి ఊరు దేవుల్తీ దగ్గర. ఆ చుట్టుపక్కలే సామ్తాలో శరత్ స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. 1926 నాటికి అక్కడికి మారిపోయారు. ఊరివాళ్లకు ఆయన హోమియోపతి డాక్టర్. జిల్లాకు కాంగ్రెస్ నాయకుడు. 1921 నుంచి పదిహేనేళ్ల పాటు హౌరా జిల్లా కాంగ్రెస్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్నారు. రాట్నం మీద ఆయనకు పెద్దగా నమ్మకం లేదు. సాయుధ విప్లవకారులతో స్నేహం మాత్రం దాచుకోలేదు.

1926లో ‘పథేర్ దాబీ’ పుస్తకంగా వచ్చింది. కథ జరిగేది బర్మాలో. నాయకుడు సవ్యసాచి డాక్టర్, బహుభాషావేత్త, మారువేషాల్లో దిట్ట, బ్రిటిష్ పోలీసులకు చిక్కని విప్లవకారుడు. పాతికేళ్ల కిందట దేవదాసును రాసిన చేయే సవ్యసాచిని రాసిందంటే నమ్మడం కష్టం. అతని ఎదురుగా అపూర్వ అనే చదువుకున్న, భయస్తుడైన యువకుణ్ని నిలబెట్టారు శరత్. పోలీసుల ముందు నోరు జారి సంఘాన్నే ప్రమాదంలో పడేసిన వాడు అతను. అతన్ని భారతి అనే అమ్మాయి ప్రేమిస్తుంది, కాపాడుతుంది. హింస ఒక్కటే దారా అని సవ్యసాచిని నిలదీసే ధైర్యం కూడా ఆమెకే ఉంది. వీరుడి ముందు కూడా స్త్రీ గొంతు తగ్గించలేదు రచయిత.

కొద్ది నెలలకే, 1927 జనవరిలో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. నిషేధాన్ని ఖండించమని శరత్ టాగూర్‌ను కోరారు. టాగూర్ ఒప్పుకోలేదు. పాలకుల మీద దాడి చేసే పుస్తకం రాసినప్పుడు శిక్షకు సిద్ధపడాలన్నది ఆయన ఉద్దేశం. శరత్ చాలా నొచ్చుకున్నారు.

అదే 1927లో, సామ్తా నుంచి రెండు గంటల రైలు ప్రయాణం దూరంలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు పెద్ద సమ్మె చేశారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘ నాయకుల్లో ముఖ్యుడు బరంపురానికి చెందిన తెలుగువాడు వి.వి.గిరి. తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు. పట్టణం శివార్లలోని హిజ్లీలో 1930లో ప్రభుత్వం రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం తెరిచింది. 1931 సెప్టెంబర్ 16న అక్కడ పోలీసులు జరిపిన కాల్పుల్లో సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. శరత్ కాగితం మీద ఊహించిన సవ్యసాచి లాంటి యువకులు ఆ గోడల వెనుక నిజంగానే ఉన్నారు. 1951లో దేశంలో మొదటి ఐఐటీ మొదలైంది ఆ శిబిర భవనంలోనే.

తెలుగులోకి వచ్చిన శరత్

తెనాలి ప్రాంతానికి చెందిన ఆలూరి వెంకట సుబ్బారావు క్షయ వ్యాధి చికిత్స కోసం మదనపల్లి శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నారు. చక్రపాణి అనే కలం పేరుతో శరత్ నవలల్ని అనువదించారు. తర్వాత ‘చందమామ’ పత్రికకూ, విజయా సంస్థ సినిమాలకూ మూలస్తంభమైంది ఆయనే. బొందలపాటి శివరామకృష్ణ, బొందలపాటి శకుంతలాదేవి అనువదించిన సంపుటాలు విజయవాడ దేశి కవితా మండలి ద్వారా ఊరూరా లైబ్రరీలకు చేరాయి. శరత్ బెంగాలీ రచయిత అన్న సంగతే చాలామంది పాఠకులకు గుర్తుండేది కాదు. ఆడపడుచులు, తోటికోడళ్లు, వితంతువులైన మేనత్తలు, ఉమ్మడి కుటుంబపు గొడవలు అన్నీ మనవే అనిపించేవి. ‘పెంకుటిల్లు’ రాసిన కొమ్మూరి వేణుగోపాలరావుకు పాఠకులు ‘ఆంధ్రా శరత్’ అని పేరు పెట్టారంటే ఆ ప్రభావం ఎంతటిదో ఊహించవచ్చు.

సినిమా ఆ ప్రభావాన్ని వందరెట్లు చేసింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన ‘దేవదాసు’లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించారు. 1957లో ‘నిష్కృతి’ ఆధారంగా ‘తోడికోడళ్లు’, 1961లో ‘బడదీదీ’ ఆధారంగా ‘బాటసారి’, ‘దత్త’ ఆధారంగా ‘వాగ్దానం’ వచ్చాయి. వీటిలో తెలుగు వాడుక భాషలోకి ఎక్కింది మాత్రం దేవదాసు ఒక్కడే. ఈనాటికీ గడ్డం పెంచుకుని దిగాలుగా తిరిగే కుర్రాణ్ని దేవదాసు అని పిలుస్తారు. రమేశ్ అనో, నరేన్ అనో ఎవర్నీ పిలవరు. ప్రేమ విఫలమైతే తాగాలి, తాగితే ప్రేమ నిజమైనట్టే అన్న సూత్రం ఒకటి తయారైంది. నుదుటి మీద మచ్చతో మిగిలిన పార్వతి ఆ సూత్రంలో ఎక్కడా లేదు.

గడ్డం పోయి కారు వచ్చింది

1960లలో తెలుగు నవల స్త్రీల చేతుల్లోకి వచ్చింది. చదువుకుని, ఉద్యోగాలకు వెళ్లడం మొదలుపెట్టిన అమ్మాయిలు పాఠకులు. వారపత్రికలు, మాసపత్రికలు, అద్దె పుస్తకాల షాపులు వాళ్లను చేరుకునే దారులు. ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’తో కొత్త కథానాయకుడు దిగాడు. రాజశేఖరం ఆస్తిపరుడు, నిబ్బరం ఉన్నవాడు, ఏ నిర్ణయానికీ పెద్దల ముఖం చూడనివాడు. జయంతి అతని దగ్గర పనిచేసే ఉద్యోగిని, ఆత్మాభిమానం మెండుగా ఉన్నది. దేవదాసుతో విసిగిన పాఠకురాళ్లకు ఈ మగవాడు పెద్ద ఊరట. ఏడవడు, పారిపోడు, మాట ఇస్తే నిలబడతాడు. పొడగరి, పెద్ద కారు, తక్కువ మాటలు ఉన్న కథానాయకులు ఆ తర్వాత వందల నవలల్లో నడిచారు.

1976లో ‘సెక్రటరీ’ సినిమాగా వచ్చినప్పుడు రాజశేఖరంగా నటించింది నాగేశ్వరరావే. శాలువా కప్పుకుని చెట్టు కింద చనిపోయిన మనిషి ఇరవై మూడేళ్ల తర్వాత సూటు వేసుకుని ఆఫీసులో కూర్చున్నాడు. ఒకే నటుడి శరీరంలో తెలుగు ప్రేమకథల నాయకుడు మారిన తీరు ఇది. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ నవలలతో తెలివితేటలే కథానాయకుడి ఆకర్షణ అయ్యాయి. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో రేవంత్ చదరంగం ఆటగాడు. ప్రేమ కూడా అతనికి ఎత్తులు వేసి గెలవాల్సిన పజిల్‌గా ఎదురవుతుంది.

ఈ మార్పుల్లో ప్రతిదానికీ కారణం ఉంది, ప్రతిదానిలో ఏదో ఒక లాభమూ ఉంది. రాజశేఖరం వచ్చాక తెలుగు అమ్మాయి, మగవాడి బలహీనతను ప్రేమ అనుకోవడం మానేసింది. కానీ దేవదాసు ఇద్దరి తరఫునా నిర్ణయం తీసుకోలేకపోతే, కొత్త కథానాయకుడు ఇద్దరి తరఫునా తానే నిర్ణయం తీసుకోసాగాడు. స్త్రీ మాట విని, తన మాట చెప్పి, పక్కన నిలబడే రోహిణి లాంటి సాదాసీదా మగవాడు మధ్యలో తప్పిపోయాడు. శరత్ తన సగం జీవితం పెట్టి చేరుకున్న చోటు అదే. ఆయన పాఠకులం మాత్రం మొదటి స్టేషన్‌లోనే దిగిపోయాం.

చివరి రోజులు

1931లో వచ్చిన ‘శేష ప్రశ్న’లో నాయిక కమల్ పెళ్లి, ప్రేమ, సంప్రదాయం అన్నింటినీ తర్కంతో పరీక్షిస్తుంది. ఆ పుస్తకానికి తిట్లు బాగానే పడ్డాయి. 1936లో ఢాకా విశ్వవిద్యాలయం శరత్‌కు గౌరవ డి.లిట్. ఇచ్చింది. ఎఫ్.ఏ. పరీక్ష ఫీజు కట్టలేకపోయిన విద్యార్థికి అది నలభై ఏళ్ల తర్వాత అందిన పట్టా. అప్పటికి కలకత్తాలోనూ ఇల్లు కట్టుకున్నారు. ఆరోగ్యం చెడింది. కాలేయ క్యాన్సర్‌తో 1938 జనవరి 16న కలకత్తాలోని నర్సింగ్ హోంలో కన్నుమూశారు. వయసు అరవై ఒకటి.

ఆయన తర్వాత జీవితచరిత్ర రాయడానికి హిందీ రచయిత విష్ణు ప్రభాకర్ పద్నాలుగేళ్లు తిరిగారు. బెంగాల్, బిహార్, బర్మాలలో శరత్ అడుగుపెట్టిన చోట్లన్నీ వెతికి ‘ఆవారా మసీహా’ రాశారు. తన గురించి నిజాలు దాచడం, కల్పనలు ప్రచారం కానివ్వడం శరత్‌కు అలవాటు కావడంతో ఆ పని అంత సులువు కాలేదు.

సామ్తా ఇల్లు 1978 వరదల్లో దెబ్బతిన్నా నిలబడింది. ఆయన వాడిన వస్తువులు చూడటానికి జనం వస్తుంటారు. ఆయన ఇల్లు కట్టుకున్నప్పుడు దగ్గర్లోనే పారిన రూపనారాయణ్ ఇప్పుడు కొంచెం దూరం జరిగింది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద రైలెక్కి గంటన్నరలో అక్కడికి చేరవచ్చు. హౌరా వెళ్లే తెలుగువారు రోజూ ఆ స్టేషన్ మీదుగానే వెళుతున్నారు. దేవదాసు మాత్రమే తెలిసినవాళ్లు ఒకసారి దేవుల్తీలో దిగితే, అతన్ని రాసిన మనిషి అతని దగ్గరి నుంచి ఎంత దూరం నడిచి ఆ ఇల్లు చేరారో తెలుస్తుంది.